మోషన్ సెన్సర్ లైట్లు: సీమ ఎండకూ మన ఇళ్ల వైరింగుకూ తగ్గట్టు బిగించుకోవడం

మోషన్ సెన్సర్ డబ్బా మీద 12 మీటర్ల దాకా పనిచేస్తుందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లోపల మడిచి పెట్టిన కాగితం విప్పి చదివితే, చాలా మోడళ్లలో ఆ అంకె వెనకే ఒక షరతు కనిపిస్తుంది: గాలి వేడి 24 డిగ్రీల లోపు ఉన్నప్పుడు. కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో ఎండాకాలం పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో పొద్దుగూకాక కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అలాంటి చోట ఆ 12 మీటర్లు సగానికి సగం పడిపోవచ్చు. జనవరిలో చక్కగా వెలిగిన మెట్ల లైటు మే నెలలో మనిషి రెండు మెట్లు దిగి చెయ్యి ఊపితే గానీ వెలగదు. సరుకు నాసిరకమని అనుకుని మార్చేస్తారు. కొత్తదీ అదే పని చేస్తుంది.

రెండో చిక్కు స్విచ్‌బోర్డుది. ఉన్న స్విచ్ తీసి దాని స్థానంలో సెన్సర్ పెట్టేస్తే సరిపోతుందని విదేశీ వీడియోల్లో చూపిస్తారు. మన ఇళ్లలో బాత్‌రూం బోర్డు తలుపు బయట ఉంటుంది. గది బోర్డు సగం సార్లు తలుపు వెనక ఉంటుంది. అక్కడ పెట్టిన సెన్సర్‌కు లోపలి మనిషి కనిపించడు. పైగా పాత బోర్డుల్లో చాలాచోట్ల న్యూట్రల్ తీగే, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగే, ఉండదు.

ఈ రెండు చిక్కులకూ చాలావరకు ఒకే విరుగుడు ఉంది. సెన్సర్‌ను బోర్డులో కాకుండా లైటు పాయింటు దగ్గర పెట్టాలి. మనిషి దాని ముందు అడ్డంగా నడిచేలా చోటు చూసుకోవాలి.

వేడికీ సెన్సర్‌కూ ఉన్న పేచీ

ఇళ్లలో ఎక్కువగా వాడేది పీఐఆర్ రకం. ఇది తన నుంచి ఏ కిరణాలనూ పంపదు. మనిషి ఒంటి నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వేడిని, అంటే 9, 10 మైక్రాన్ల దగ్గర బలంగా ఉండే కిరణాలను, పట్టుకుంటుంది. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ బుడిపె నిజానికి చిన్న చిన్న కటకాల వరస. అది ఎదురుగా ఉన్న జాగాను అనేక పట్టీలుగా విడగొడుతుంది. లోపల రెండు చిన్న పలకలు ఒకదానికొకటి ఎదురు సంకేతం ఇచ్చేలా కలిపి ఉంటాయి. గది మొత్తం నిదానంగా వేడెక్కితే రెండింటి మీదా ఒకేలా పడి సంకేతం కొట్టుకుపోతుంది. మనిషి ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీలోకి నడిచినప్పుడు ఒక పలక ముందు, ఇంకోటి తర్వాత స్పందిస్తాయి. ఆ తేడా రాగానే రిలే, అంటే లోపలి చిన్న కరెంటు స్విచ్, పడుతుంది, లైటు వెలుగుతుంది.

అంటే సెన్సర్ చూసేది మనిషిని కాదు, మనిషికీ వెనకున్న గోడకూ మధ్య వేడిలో ఉన్న తేడాను. ఒంటి చర్మం, బట్టల పైభాగం మామూలుగా 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటాయి. వెనక గోడ 22 డిగ్రీలుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. గోడ కూడా 34 డిగ్రీలకు చేరితే సెన్సర్ దృష్టిలో మనిషి గోడలో కలిసిపోతాడు.

దీన్నుంచి తేలే సంగతి ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. నడిమధ్యాహ్నం గోడ 42 డిగ్రీలకు కాగినప్పుడు సెన్సర్ మళ్లీ బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు మనిషి గోడకంటే చల్లగా కనిపిస్తాడు, తేడా తేడాయే. అన్నిటికన్నా చెడ్డ సమయం ఎండాకాలం రాత్రి ఏడు నుంచి పది గంటల మధ్య. పగలంతా ఎండ తాగిన గోడలు, బండల మిద్దెలు ఆ వేడిని నిదానంగా వదులుతూ సరిగ్గా ఒంటి వేడి దగ్గరకు దిగుతాయి. లైటు అవసరమయ్యేదీ అప్పుడే. ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం రెండు గంటలకు బిగించి, నడిచి చూపించి, బాగుందనిపించుకుని వెళ్లిన సెన్సర్ రాత్రి తొమ్మిదికి మొరాయించడంలో వింతేమీ లేదు. అందుకే పరీక్ష చేయాల్సింది పొద్దుగూకాకే. కుదిరితే ఎండాకాలంలోనే బిగించుకోవడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో పనిచేసిన సెన్సర్ మిగతా ఏడాది తప్పకుండా పనిచేస్తుంది.

చోటు ఎంపికలో పాటించాల్సినవి దీన్నుంచే వస్తాయి. డబ్బా మీద ఎంత దూరం రాసి ఉన్నా సగమే లెక్కలోకి తీసుకోవాలి. మనిషి సెన్సర్ వైపు నేరుగా నడిచొస్తే ఒకే పట్టీలో ఎక్కువసేపు ఉంటాడు, గుర్తించడం ఆలస్యమవుతుంది. అడ్డంగా నడిస్తే రెండడుగుల్లోనే రెండు పట్టీలు దాటుతాడు. కాబట్టి పొడవాటి వసారాకు సెన్సర్‌ను చివరన ఎదురుగా కాకుండా పక్క గోడకు గానీ మధ్యలో పైకప్పుకు గానీ పెట్టాలి. పడమటి ఎండ పడే గోడ లోపలి ముఖం రాత్రి చాలాసేపు వేడిగా ఉంటుంది. సెన్సర్ చూపు దాని మీద కాకుండా ఉత్తరం గోడ మీదో చల్లటి నేల మీదో పడేలా తిప్పుకుంటే ఫలితం బాగుంటుంది. పైకప్పుకు పెట్టిన సెన్సర్ కిందికి నేలను చూస్తుంది. నాపరాయి, గ్రానైటు పరిచిన నేల ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే తలం. సీమ ఇళ్లకు గోడ సెన్సర్ కంటే పైకప్పు సెన్సర్ నప్పడానికి ఇదొక ముఖ్య కారణం. ఎత్తు 2.2 నుంచి 3 మీటర్లలోపు ఉంటే మంచిది.

కొన్ని మంచి రకాల్లో గది వేడి పెరిగే కొద్దీ సున్నితత్వాన్ని తనే పెంచుకునే ఏర్పాటు ఉంటుంది. దాన్ని టెంపరేచర్ కాంపెన్సేషన్ అంటారు. కాగితంలో ఆ మాట ఉన్న సెన్సర్‌కు కొంచెం ఎక్కువ పెట్టినా ఈ ప్రాంతంలో దండగ కాదు.

మైక్రోవేవ్ రకం ఎప్పుడు

వేడితో సంబంధం లేనిది మైక్రోవేవ్ సెన్సర్. ఇది సాధారణంగా 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తితో తరంగాలు పంపి, కదిలే వస్తువుకు తగిలి తిరిగొచ్చినప్పుడు వాటి పౌనఃపున్యంలో వచ్చే మార్పును పట్టుకుంటుంది. గాలి 20 డిగ్రీలున్నా 44 డిగ్రీలున్నా దానికి ఒకటే. ఎండాకాలం మిద్దె మెట్లకు, కారు షెడ్డుకు, రేకుల కొట్టానికి ఇదే సరైనది.

కానీ ఇది అతిగా చూస్తుంది. చెక్క తలుపు, గాజు, పలచటి గోడ, జిప్సం బోర్డు దాటి అవతల కదలికనూ పట్టుకుంటుంది. వీధి గుమ్మం మీద పెడితే రోడ్డు మీద పోయే ఆటోకు కూడా లైటు వెలుగుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గదిలో మైక్రోవేవ్ సెన్సర్ పెడితే ఫ్యాన్ తిరిగినంతసేపు లైటు ఆరదు. రెక్కల కదలిక దానికి మనిషి కదలికతో సమానమే. ప్లాస్టిక్ పైపులో నీళ్లు పారినా కొన్నిసార్లు స్పందిస్తుంది. కాబట్టి ఫ్యాన్ తిరిగే గదుల్లో పీఐఆర్, ఫ్యాన్ లేని ఆరుబయలు చోట్లలో మైక్రోవేవ్ అని మోటుగా గుర్తుపెట్టుకోవచ్చు. మైక్రోవేవ్ రకానికి సున్నితత్వం నాబ్ తప్పనిసరిగా ఉండాలి. అది లేని చవక రకాన్ని కొనకపోవడమే మంచిది. రేకు షెడ్డులో పెట్టేటప్పుడు రేకును తరంగాలు దాటలేవని, తగిలి తిరిగొస్తాయని కూడా లెక్కలో ఉంచుకోవాలి. అన్ని వైపులా రేకులుంటే సున్నితత్వం బాగా తగ్గించి పెట్టాలి.

న్యూట్రల్ ఎక్కడుంది

సెన్సర్లలో రెండు తీగలవీ మూడు తీగలవీ ఉంటాయి. రెండు తీగల రకం స్విచ్ స్థానంలో కూర్చుంటుంది. దానికి న్యూట్రల్ అక్కర్లేదు. అయితే అది బతకాలంటే లైటు ఆరి ఉన్నప్పుడు కూడా బల్బు గుండా కాస్త కరెంటు పారుతూ ఉండాలి. పాత ఫిలమెంట్ బల్బుకు అదొక లెక్క కాదు. 9 వాట్ల ఎల్ఈడీకి ఆ కాస్త కరెంటే చాలు, రాత్రంతా మినుకు మినుకుమంటుంది, లేదా ఆరాక కూడా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. ఎల్ఈడీ ఇళ్లకు మూడు తీగల రకమే కొనాలి.

మూడో తీగే న్యూట్రల్. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. కేవలం స్విచ్‌లే ఉన్న బోర్డులో సాధారణంగా ఫేజు (కరెంటు వచ్చే తీగ), లైట్లకు వెళ్లే తీగలు తప్ప ఇంకేమీ ఉండవు. కొందరు ఈ కొరత తీర్చడానికి ఆకుపచ్చ ఎర్త్ తీగను న్యూట్రల్‌గా వాడేస్తారు. వోల్ట్‌మీటర్ పెట్టి చూస్తే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా 230 వోల్టులే చూపిస్తుంది. సెన్సర్ పనిచేస్తుంది కూడా. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని. ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అది మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అంతకంటే ప్రమాదం. ఎండాకాలం సీమ నేల ఎండిపోయి, ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంతలో తేమ లేకపోతే భూమిలోకి కరెంటు సరిగా దిగదు. ఆ తీగ మీద పడిన వోల్టేజీ ఇంట్లోని ఫ్రిజ్, మోటారు, గీజర్ బాడీల మీదికి వస్తుంది. లైటు కోసం చేసిన పని ఫ్రిజ్ దగ్గర షాక్‌గా తేలుతుంది. ఎవరికీ సెన్సర్ మీద అనుమానం రాదు.

పక్క గది సాకెట్ నుంచి న్యూట్రల్ అరువు తెచ్చుకోవడం కూడా సరైన పద్ధతి కాదు. ఒక సర్క్యూట్ ఫేజు, ఇంకో సర్క్యూట్ న్యూట్రల్ కలిస్తే, రెండూ వేర్వేరు ఆర్‌సీసీబీల కింద ఉన్నప్పుడు రెండూ పడిపోతాయి. ఒక ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌కు మెయిన్ బోర్డులో ఉండే ఆపుడు స్విచ్) ఆపి పనిచేసేవాడికి న్యూట్రల్ మీదుగా అవతలి కరెంటు తగలొచ్చు.

లైటు పాయింటు దగ్గరైతే ఈ తంటా ఏదీ లేదు. అక్కడికి స్విచ్ నుంచి వచ్చే ఫేజూ ఉంటుంది, న్యూట్రల్ కూడా ఉంటుంది. ఆ రెండూ లేకుండా లైటు వెలగదు కదా. ఫేజును ముందు సెన్సర్‌లోకి ఇచ్చి, సెన్సర్ నుంచి బయటికి వచ్చే తీగను లైటుకు ఇచ్చి, న్యూట్రల్‌ను రెండింటికీ కలిపితే పని అయిపోయింది. గోడ పగలగొట్టాల్సిన అవసరం లేదు, కొత్త పైపు లాగాల్సిన అవసరం లేదు. గోడ మీదున్న పాత స్విచ్ మాస్టర్ స్విచ్ అవుతుంది. అది వేసి ఉంచితే సెన్సర్ తన పని చేస్తుంది, ఆపితే అంతా ఆగుతుంది.

బాత్‌రూం పాయింటు ఉదాహరణగా

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. మూడు తీగల పీఐఆర్ పైకప్పు సెన్సర్ ఒకటి, 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఎరుపు, నలుపు రంగుల్లో రెండేసి మీటర్లు, స్క్రూలతో బిగించే స్ట్రిప్ కనెక్టర్ ఒకటి, 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లు (వాల్ ప్లగ్‌లు), స్క్రూలు రెండు, ఇన్సులేషన్ టేపు, టెస్టర్, మల్టీమీటర్, చెక్క నిచ్చెన. బాత్‌రూం కాబట్టి సెన్సర్ మీద ఐపీ 44 లేదా అంతకంటే ఎక్కువ అంకె ఉండాలి. నీటి తుంపర్లు తగిలినా ఫరవాలేదని దాని అర్థం. షవర్ పైన మాత్రం పెట్టకూడదు. గీజర్‌కు కూడా కనీసం మీటరు దూరం ఉండాలి. గీజర్ పక్కన గాలి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే సెన్సర్ ఊరికే వెలిగిస్తుంది.

ముందు స్విచ్ కాదు, ఆ సర్క్యూట్ ఎంసీబీనే దించాలి. చాలా పాత ఇళ్లలో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పడి ఉంటుంది. అలాంటప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఎంసీబీ దించాక హోల్డర్ విప్పి రెండు తీగల మీదా టెస్టర్ పెట్టి చూడాలి. టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకూడదు, అది పాడైతే ఉన్న కరెంటును కూడా చూపించదు. పని మొదలుపెట్టే ముందు కరెంటున్న సాకెట్‌లో ఒకసారి వెలుగుతుందో లేదో చూసుకోవాలి. ఆపైన మల్టీమీటర్‌తో ఖాయం చేసుకోవాలి. తర్వాత రెండు తీగలూ దేనికీ తగలకుండా విడదీసి, ఎంసీబీ వేసి, స్విచ్ వేసి ఏది ఫేజో గుర్తించి, దాని మీద చిన్న టేపు చుట్టి, మళ్లీ ఎంసీబీ దించాలి. స్విచ్ ఆపినా ఫేజు వస్తూనే ఉంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉన్నట్టే. ముందు దాన్ని సరిచేయించాలి.

ఇక్కడ రంగుల దగ్గర ఆగి చూసుకోవాలి. ఎక్కువ సెన్సర్లలో గోధుమరంగు తీగ ఫేజు, నీలం న్యూట్రల్, ఎరుపు లైటుకు వెళ్లే తీగ. మన ఇంటి వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. త్రీఫేజు ఉన్న ఇంట్లో నీలం కూడా ఫేజే. అలవాటు కొద్దీ ఎరుపుకు ఎరుపు, నీలానికి నీలం కలిపితే సెన్సర్ వెలిగించకపోవచ్చు, లేదా కాలిపోవచ్చు. ఎలక్ట్రీషియన్ కరెంటు ఇవ్వగానే టప్‌మని పోయిన సెన్సర్లలో చాలావాటి కథ ఇదే. సెన్సర్ వెనక అతికించిన బొమ్మ చూసి, అక్షరాలను బట్టి కలపాలి. ఎల్ అంటే ఫేజు, ఎన్ అంటే న్యూట్రల్, బాణం గుర్తుతో గానీ ఇంగ్లీషు ‘A’ అక్షరంతో గానీ ఉన్నది లైటుకు.

స్విచ్ నుంచి వచ్చిన ఫేజును సెన్సర్ ఎల్‌కు, న్యూట్రల్‌ను సెన్సర్ ఎన్‌కూ లైటుకూ రెండింటికీ, సెన్సర్ మూడో తీగను లైటు రెండో కొనకు కలపాలి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసే పద్ధతి ఈ ప్రాంతానికి అసలే పనికిరాదు. ఎండకు టేపు జిగురు కారిపోయి ఊడుతుంది. స్క్రూ కనెక్టరే వాడాలి. సెన్సర్‌ను లైటు పక్కనే ఆనించకుండా కనీసం ఒక మీటరు ఎడంగా, తలుపు తెరిచి లోపలికి అడుగుపెట్టిన మనిషి అడ్డంగా దాటే చోట పెట్టాలి. ఆ మీటరు దూరం తీగను కేసింగ్‌లో నడిపిస్తే సరిపోతుంది.

పైకప్పు కాంక్రీటు అయితే డ్రిల్లు మామూలే. కడప, తాడిపత్రి, బేతంచెర్ల వైపు పాత ఇళ్లలో దూలాల మీద బండలు పరిచిన మిద్దెలుంటాయి. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. హ్యామర్ మోడ్‌లో ఒత్తిపెట్టి కొడితే అంచు దగ్గర పెచ్చు ఊడుతుంది. బండ అంచుకు దూరంగా, హ్యామర్ ఆపి, తక్కువ వేగంతో 6 మిల్లీమీటర్ల బిట్‌తో తొలవాలి. అదీ వీలుకాకపోతే దూలానికో గోడకో ప్లాస్టిక్ బాక్స్ బిగించి దానికి సెన్సర్ పెట్టడం సులువు.

కరెంటు ఇచ్చాక సెన్సర్ స్థిమితపడటానికి అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది. ఆ నిమిషంలో లైటు తనంతట తానే వెలిగినా, మనిషి నడిచినా వెలగకపోయినా కంగారు పడి విప్పకూడదు.

మెట్ల దగ్గర జాగ్రత్త

సీమలో ఎండాకాలం రాత్రి మిద్దె మీద పడుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పరుపు, చాప, మంచినీళ్ల చెంబు చేతుల్లో ఉండగా స్విచ్ కోసం తడుముకోవాల్సిన చోటు మెట్లే. సెన్సర్ నిజంగా ఉపయోగపడేదీ ఇక్కడే, తప్పుగా కలిపితే ప్రాణం మీదికొచ్చేదీ ఇక్కడే.

మలుపున్న మెట్లకు ఒక సెన్సర్ చాలదు. కింద ఒకటి, పైన ఒకటి కావాలి. రెండు సెన్సర్ల ఎల్ తీగలనూ ఒకే ఫేజుకు, ఎన్ తీగలను ఒకే న్యూట్రల్‌కు, వాటి లైటు తీగలను రెండింటినీ కలిపి లైటుకు ఇస్తే, ఏది గుర్తించినా లైటు వెలుగుతుంది. షరతు ఒక్కటే, రెండింటికీ ఫేజు ఒకటే కావాలి. కింద యజమాని, పైన అద్దెవాళ్లు ఉన్న ఇళ్లకు రెండు మీటర్లుంటాయి. కింది సెన్సర్‌కు కింది మీటరు నుంచి, పై సెన్సర్‌కు పై మీటరు నుంచి కరెంటు ఇచ్చి లైటు తీగలు కలిపారంటే, రెండూ ఒకేసారి పనిచేసిన క్షణంలో రెండు మీటర్లూ కలిసిపోతాయి. అవి వేర్వేరు ఫేజుల మీద ఉంటే మధ్యలో 400 వోల్టులకు పైగా షార్ట్ అవుతుంది. ఒకే ఫేజు మీదున్నా, ఒక ఇంటి మెయిన్ ఆపి పనిచేసేవాడికి ఇంకో ఇంటి నుంచి కరెంటు ఎదురొస్తుంది. మెట్ల లైటు మొత్తం ఒకే మీటరు మీద ఉండాలి, దాని డబ్బు ఎవరు కట్టాలన్నది మాటల్లో తేల్చుకోవాలి.

పాత టు-వే స్విచ్‌లను (కింద, పైన రెండు చోట్ల నుంచీ ఒకే లైటును వేసి ఆపేవి) ఉంచుకుని లైటు పాయింటు దగ్గర సెన్సర్ పెడితే ఇంకో ఇబ్బంది వస్తుంది. ఎవరో అలవాటు చొప్పున స్విచ్ నొక్కుతారు, సెన్సర్‌కు కరెంటు పోతుంది, మర్నాడు సెన్సర్ పాడైందంటారు. టు-వేను విప్పించి సెన్సర్‌కు నేరుగా ఫేజు ఇచ్చి, కింద ఒకే స్విచ్‌ను బైపాస్‌గా పెట్టించడం మేలు. ఫేజు నుంచి నేరుగా లైటు తీగకు కలిసే ఈ స్విచ్ వేస్తే సెన్సర్‌తో పనిలేకుండా లైటు వెలిగి ఉంటుంది. పెళ్లికో కార్యానికో ఇంటికి చుట్టాలు వచ్చిన రాత్రి ఇది చాలా అక్కరకొస్తుంది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెట్ల సెన్సర్‌ను ఇన్వర్టర్ లైను మీదే పెట్టుకోవాలి. కరెంటు పోయినప్పుడే కదా చీకటి ఎక్కువ. అయితే స్క్వేర్ వేవ్ ఇచ్చే పాత ఇన్వర్టర్లు చవక సెన్సర్లకు కిట్టవు. వాటి లోపల వోల్టేజీ తగ్గించడానికి వాడే కెపాసిటర్ గుండా ఆ తరహా కరెంటు మామూలు కంటే ఎక్కువగా పారి, సెన్సర్ వేడెక్కి త్వరగా పోతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ బెడద లేదు.

నాబ్‌లు తిప్పే వరస

సెన్సర్ మీద మూడు చిన్న నాబ్‌లుంటాయి: సున్నితత్వం, సమయం, వెలుతురు. మొదట వెలుతురు నాబ్‌ను సూర్యుడి గుర్తు వైపు పూర్తిగా తిప్పాలి, అప్పుడు పగలైనా పనిచేస్తుంది. సమయాన్ని అన్నిటికన్నా తక్కువకు తేవాలి. ఆ స్థితిలో నడిచి చూసి, సెన్సర్ ఎక్కడెక్కడ పట్టుకుంటుందో తెలుసుకుని, దాని ముఖాన్ని సర్దుకోవాలి. ఆ తర్వాతే సమయం పెంచాలి. మెట్లకు ఒక నిమిషం చాలు. బాత్‌రూంకు ఐదు నిమిషాలకు తగ్గకూడదు. కూర్చున్న మనిషి కదలడు కాబట్టి పీఐఆర్‌కు మాయమైపోతాడు, తక్కువ సమయం పెడితే నడిమధ్యలో చీకటి పడుతుంది. వంటింట్లో కూరగాయలు తరిగేవారికీ ఇదే ఇబ్బంది. చదువుకునే గదికి, హాలుకు అసలు పీఐఆర్ వద్దు.

వెలుతురు నాబ్‌ను కచ్చితంగా పెట్టడానికి ఒక సులువు ఉంది. దాన్ని చంద్రుడి గుర్తు వైపు పూర్తిగా తిప్పేసి, లైటు ఏ వేళకు వెలగాలనుకుంటున్నారో ఆ సంధ్యవేళకు దాని కింద నిలబడాలి. కదులుతూ నాబ్‌ను సూర్యుడి వైపు నిదానంగా తిప్పుతూ పోతే లైటు ఒకచోట వెలుగుతుంది. అక్కడే వదిలేయాలి.

డబ్బు లెక్క

సెన్సర్ పెడితే బిల్లు సగానికి దిగుతుందన్న మాట నిజం కాదు. 9 వాట్ల బల్బును రోజుకు ఐదు గంటలు మరిచిపోయి వదిలేసినా నెలకు 1.35 యూనిట్లే. సెన్సర్ తనకోసం రోజంతా అర వాటు తిన్నా నెలకు 0.36 యూనిట్లు పోతాయి. మిగిలేది నెలకు ఒక యూనిట్. ఆ బాత్‌రూంలో సెన్సర్ సౌకర్యానికి, ముసలివాళ్లు రాత్రి పడిపోకుండా ఉండటానికి పెట్టుకోవాలి, బిల్లు కోసం కాదు. అదే మెట్ల మీద రెండు 20 వాట్ల ట్యూబులు రాత్రంతా, పన్నెండు గంటలు వెలుగుతుంటే నెలకు 14.4 యూనిట్లు. సెన్సర్‌తో మొత్తం రోజుకు గంట వెలిగితే 1.2 యూనిట్లు, సెన్సర్లు రెండూ తినేది 0.72. పన్నెండు యూనిట్లకు పైగా మిగులుతాయి. కరెంటు రేటు శ్లాబు అంచున ఉన్న ఇంటికి ఆ పన్నెండు యూనిట్లు కింది శ్లాబులో ఉంచగలవు. డబ్బు కోసం పెట్టాలంటే రాత్రంతా వెలిగే వరండా, మెట్లు, గేటు లైట్లతోనే మొదలుపెట్టాలి.

తర్వాత వచ్చే పేచీలు

లైటు ఆరిన మరుక్షణం మళ్లీ వెలుగుతూ, ఆరుతూ ఉంటే సెన్సర్ ఆ లైటునే చూస్తోందని అర్థం. లైటు వెలిగితే వెలుతురు పెరిగి ఆపుతుంది, ఆపితే చీకటి పడి వెలిగిస్తుంది. లేదా బల్బు వేడెక్కి చల్లారడాన్ని కదలిక అనుకుంటుంది. దూరం పెంచడం, మధ్యలో చిన్న అడ్డం పెట్టడం తప్ప మందు లేదు.

మనిషి లేకుండా వెలిగితే చుట్టూ చూడాలి. ఏసీ బయటి యూనిట్ నుంచి వచ్చే వేడి గాలి, కిటికీ కూలర్ చల్లగాలికి ఊగే కర్టెన్, గేటు కింద దూరిన కుక్క, ఇవన్నీ పీఐఆర్‌కు కదలికలే. బుడిపె మీద బల్లి గానీ పురుగులు గానీ పాకినా లైటు వెలుగుతుంది, లైటు దగ్గర పురుగులు చేరడం మామూలే కాబట్టి ఇది అంత అరుదు కాదు. కుక్కల కోసం సెన్సర్ బుడిపె కింది భాగాన్ని నల్ల టేపుతో మూస్తే కింది పట్టీలు పోతాయి, మనిషి నడుము ఎత్తున చూసేవి మిగులుతాయి. పైకప్పు సెన్సర్‌కు ఇది వర్తించదు.

నెమ్మదిగా మందగించిపోతే దుమ్మే కారణం కావచ్చు. వేసవి గాలిదుమారాలు అయ్యాక తడిపిన మెత్తటి గుడ్డతో బుడిపె తుడవాలి. పెట్రోలు, థిన్నర్ తగిలితే ఆ ప్లాస్టిక్ మసకబారి పనికిరాకుండా పోతుంది. ఎండ నేరుగా పడే చోట బుడిపె కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి పెళుసుబారుతుంది, అప్పుడు మార్చడమే.

లైటు ఇక ఎప్పటికీ ఆరకపోతే, సమయం నాబ్ తగ్గించి, సెన్సర్ ముఖాన్ని అట్టముక్కతో పూర్తిగా మూసి పది నిమిషాలు చూడాలి. అప్పటికీ ఆరకపోతే లోపలి రిలే అతుక్కుపోయినట్టే. ఎల్ఈడీ డ్రైవర్లు (లైటులో కరెంటును సర్ది ఇచ్చే భాగాలు) వెలిగే తొలి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతాయి. డబ్బా మీద 1200 వాట్లు అని ఉన్నా అది ఫిలమెంట్ బల్బులకు చెప్పిన అంకె, ఎల్ఈడీకి అదే సెన్సర్ మీద 300 వాట్లో ఇంకా తక్కువో రాసి ఉంటుంది. గేటు దగ్గర పెద్ద ఫ్లడ్‌లైట్లు మూడు, నాలుగు ఒకే సెన్సర్‌కు తగిలించిన చోట రిలే ఇలా పోతుంది. అలాంటి చోట సెన్సర్‌తో చిన్న కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద రిలే లాంటిది) పనిచేయించి, లైట్లను ఆ కాంటాక్టర్ మీద వేయించాలి.